‘సిటీ ఆఫ్ ప్యారిస్’ ఓడ నమూనా: నా ప్రాజెక్టు డైరీ

జనవరి 12

ఈ ఏడాది కట్టబోయే ఓడ ఏదో ఇవాళ తేలిపోయింది. ఇన్‌మన్ లైన్ అనే ఓడల కంపెనీ అట్లాంటిక్ మీద నడిపిన ప్రయాణికుల ఓడ ‘సిటీ ఆఫ్ ప్యారిస్’. స్కాట్లండ్‌లో క్లైడ్ నది ఒడ్డున, క్లైడ్‌బ్యాంక్‌లో జె. అండ్ జి. థామ్సన్ వారి యార్డులో 1888 అక్టోబర్ 23న నీళ్ళలోకి దిగింది. అదే ఏడాది మార్చిలో దీని అక్క ‘సిటీ ఆఫ్ న్యూయార్క్’ అక్కడి నుంచే దిగింది.

ఎన్నో ఓడలుండగా ఇదే ఎందుకు? ముందు దీని అందం. తెరచాప ఓడల్లో ఉండేలాంటి వంపు తిరిగిన ముక్కు, కొంచెం వెనక్కి వాలిన మూడు స్తంభాలు, వాటి మధ్య అదే వాలులో మూడు పొగగొట్టాలు. ఒక పక్క నుంచి తీసిన పాత ఫోటో చూస్తే ఆగి ఉన్నప్పుడు కూడా పరుగెడుతున్నట్టే ఉంటుంది.

రెండోది వేగం. 1889 మే నెలలో ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ నుంచి న్యూయార్క్ దగ్గరి శాండీ హుక్ వరకు 5 రోజుల 23 గంటల 7 నిమిషాల్లో వెళ్ళింది. అమెరికా వైపు ఆరు రోజుల లోపు దాటిన మొదటి ఓడ ఇదే. సగటున 19.95 నాట్లు, అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్లు. మన బీచ్ రోడ్డు మీద స్కూటర్ మామూలుగా వెళ్ళే వేగమే. కానీ పదివేల టన్నులు దాటిన ఓడ, ఎదురుగాలిలో, రాత్రీ పగలూ ఆగకుండా ఆరు రోజులు అదే వేగంతో వెళ్ళడం వేరు. అంతకు ముందు రికార్డు పోటీ కంపెనీ క్యూనార్డ్ వారి ‘ఎట్రూరియా’ది, 6 రోజుల 1 గంట 55 నిమిషాలు.

స్కేలు 1:200. అసలు ఓడ మొత్తం పొడవు 560 అడుగులు. నా నమూనా 85 సెంటీమీటర్లు వస్తుంది, వెడల్పు తొమ్మిదిన్నర. హాల్లో టీవీ కింద బల్ల మీద సరిగ్గా పడుతుంది. కొలిచి చూసుకున్నాను.

జనవరి 26

రెండు వారాలు ఫోటోలు, డ్రాయింగుల వేటలోనే గడిచాయి. ఇదే ఓడను కట్టాలనుకునేవారికి ఒక మాట. ‘సిటీ ఆఫ్ ప్యారిస్’ అని పేరున్న ఫోటో దొరకగానే పొగగొట్టాలు లెక్కపెట్టండి. మూడుంటే సరే. రెండే ఉంటే అది 1901 తర్వాతి ఓడ. అప్పటికి దాని పేరు ‘ఫిలడెల్ఫియా’, లోపలి ఇంజన్లు కూడా వేరు. అలాంటి ఫోటో ఒకటి నమ్మి పై డెక్కు సగం గీశాక తప్పు తెలిసింది. నాలుగు సాయంత్రాల పని చింపి పారేశాను.

ఆ కాలపు ఇంజనీరింగ్ పత్రికల స్కాన్లలో ఓడ నిలువుకోత బొమ్మ దొరికింది. దాన్ని చూస్తుంటే ఈ ప్రాజెక్టు ఎటు వెళ్ళాలో మారిపోయింది. ముక్కు నుంచి తోక దాకా ఓడ లోపలంతా అడ్డంగా గోడలు. అన్నీ కలిపి 15 గదులు. ఒక గదిలోకి నీరొస్తే పక్క గదిలోకి పోకుండా కట్టిన అడ్డగోడలవి, ఇంగ్లీషులో బల్క్‌హెడ్లు. అడుగు నుంచి ప్రయాణికుల హాలుండే సెలూన్ డెక్కు దాకా లేచిన ఆ గోడల్లో ఎక్కడా తలుపు లేదు. ఒక గదిలో పనిచేసే మనిషి పక్క గదిలోకి వెళ్ళాలంటే పైకెక్కి, అవతలి నుంచి దిగాల్సిందే. రోజూ ఎంత ఇబ్బందో! తలుపు పెట్టుకుంటే సుఖం. ప్రమాదం వచ్చిన రోజు ఆ తలుపు మూసి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేరు. అందుకే పెట్టలేదు.

కాబట్టి ఈ నమూనా పైపై రంగులతో అయిపోదు. అడ్డగోడలు కనబడాలి.

ఫిబ్రవరి 9

నమూనా ఓడలు కట్టే పద్ధతుల్లో ఒకటుంది. వెన్నులా పొడుగాటి ప్లైవుడ్ ముక్క నిలబెట్టి, దానికి అడ్డంగా పక్కటెముకల్లా ప్లైవుడ్ అచ్చులు గుచ్చి, వాటి మీద సన్నని చెక్క బద్దలు అంటిస్తూ పోతారు. ఆ అచ్చులను కూడా బల్క్‌హెడ్లనే అంటారు. మామూలుగా అవి ఆకారం కోసమే. ఇందులో మాత్రం 14 అచ్చులు అసలు ఓడలో అడ్డగోడలున్న చోటే వస్తాయి. గుర్తుకోసం వాటికి ఎర్ర రంగు వేస్తున్నాను. మధ్యలో ఆకారానికి అవసరమైన మిగతావి చెక్క రంగులోనే ఉంటాయి.

ఇంకో గోడ ఉంది. ఇది అడ్డంగా కాదు, నిలువుగా, ఓడ పొడవునే వెళ్తుంది. ఈ ఓడకు రెండు ప్రొపెల్లర్లు, రెండు ఇంజన్లు, పక్కపక్కనే రెండు ఇంజన్ రూములు. ఒకదానికి నీరొచ్చినా రెండోది నడవాలని ఆ రెంటి మధ్య నిలువు గోడ కట్టారు. రెండు ప్రొపెల్లర్లు ఉండటం ఆ రోజుల్లో పెద్ద మార్పు. అట్లాంటిక్ మీది వేగపు ఓడల్లో దీన్ని మొదలుపెట్టింది ఈ అక్కాచెల్లెళ్ళే. ఒకే ప్రొపెల్లరున్న ఓడకు దాన్ని తిప్పే ఇరుసు, అంటే షాఫ్టు విరిగితే తెరచాపలే దిక్కు. అందుకే అంతకు ముందు ఓడలన్నీ చాపలు మోసుకు తిరిగేవి.

ఫిబ్రవరి 23

మూడు మి.మీ. ప్లైవుడ్ వంకర తిరిగింది. కోయించి తెచ్చిన అచ్చులు పేర్చి పెట్టి ఊరెళ్ళి వచ్చేసరికి సగం పైగా గరిటెల్లా వంగిపోయాయి. సముద్రపు గాలిలో తేమ ఎలా ఉంటుందో తెలిసి కూడా గోడకు ఆనించి పెట్టడం నా తప్పే. మళ్ళీ కోయించాను. ఈసారి తేగానే రెండు వైపులా పల్చగా వార్నిష్ పూసి, చదునైన గ్రానైట్ పలక బరువు కింద ఉంచాను.

మార్చి 16

బద్దలు అంటించడం సాగుతోంది. రోజుకు ఒక పక్క రెండు, ఇంకో పక్క రెండు. ఒకే పక్క వరసగా అంటిస్తే వెన్ను అటు లాగుతుంది. బట్టల క్లిప్పులు ఇంట్లో ఉన్నవన్నీ ఓడకే అయిపోయాయి. ముక్కు దగ్గర వంపు కోసం బద్దలు వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఇస్త్రీపెట్టె అంచుతో వంచుతున్నాను. కుడి పక్క ఇంజన్ రూము ఉన్న చోట బద్దలు వెయ్యడం లేదు. అక్కడ యాక్రిలిక్ షీటుతో కిటికీ వస్తుంది.

మార్చి 25

ఇవాళ్టి తారీఖు కోసమే ఎదురు చూశాను.

1890 మార్చి 25. ఓడ న్యూయార్క్ నుంచి లివర్‌పూల్ వస్తోంది. ఐర్లండ్ తీరం దగ్గర పడుతోంది. ఓడ నిండా జనం. కుడివైపు ఇంజన్ పూర్తి బలంతో నడుస్తోంది. ఉన్నట్టుండి ఆ వైపు ప్రొపెల్లర్ షాఫ్టు విరిగింది.

ఇక్కడ నాన్న చెప్పిన సంగతి రాయాలి. నాన్న షిప్‌యార్డులో ఫిట్టర్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. వెనక వైపు బ్రాకెట్లు అమర్చుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. రెండు ప్రొపెల్లర్ల ఓడలో షాఫ్టు ఓడ పొట్టలోంచి బయటికొచ్చి నీళ్ళలో కొంత దూరం వెళ్తుంది. చివర దాన్ని పట్టుకునేది ఆ బ్రాకెట్టు. అందులో బేరింగు. ఆ కాలంలో ఇలాంటి బేరింగుల్లో లిగ్నమ్ వైటే అనే గట్టి చెక్క పట్టీలు వేసేవారు. వాటికి సముద్రపు నీరే నూనె. ‘సిటీ ఆఫ్ ప్యారిస్’లో ఆ బేరింగు లైనింగు అరిగి అరిగి షాఫ్టు కిందికి జారింది. తిరిగిన ప్రతిసారీ వంగుతూ వంగుతూ చివరికి తెగింది.

“వేర్‌డౌన్ అంటారురా దాన్ని. ఓడ డ్రైడాక్‌కి వచ్చినప్పుడు మేం మొదట చూసేది అదే. షాఫ్టు ఎంత దిగిందో గేజీ పెట్టి కొలిచి రాసేవాళ్ళం.”

“మరి వాళ్ళు చూసుకోలేదా నాన్నా?”

“ఓడ నడుస్తుండగా ఎవరికి కనబడుతుందిరా? ఇంజన్ రూములో ఉన్నవాడికి అది గోడ అవతల, నీళ్ళలో. లోపల అన్నీ బాగానే ఉంటాయి.”

షాఫ్టు తెగాక జరిగింది ఇంకా ఘోరం. మా మేనమామ పొలంలో ఆయిల్ ఇంజన్ బెల్టు తెగినప్పుడు చూశాను. లోడు పోగానే ఇంజన్ ఒక్కసారిగా అరుస్తూ పరుగందుకుంటుంది. ఇక్కడ లోడు ఒక పెద్ద ప్రొపెల్లరు. ఇంజను దాదాపు పదివేల హార్స్‌పవర్ ఇచ్చేది. అదుపు తప్పిన ఆ వేగానికి ఇంజనే ముక్కలు ముక్కలైంది. ఇనుప దిమ్మలు ఎగిరి నిలువు గోడను చీల్చాయి. సముద్రపు నీరు లోపలికి తెచ్చే గొట్టాలు పగిలాయి. ముందు కుడి ఇంజన్ రూము, తర్వాత చీలిక గుండా ఎడమది కూడా నిండిపోయాయి. రెండు ఇంజన్లు పెట్టుకుని కూడా ఓడ కదలలేకపోయింది.

అయినా మునగలేదు. తలుపుల్లేని ఆ అడ్డగోడలు ముందూ వెనకా నీటిని ఆపాయి. ప్రయాణికుల్లో ఒక్కరు కూడా చనిపోలేదు. ఓడ కొట్టుకుపోతూ ఉండగా ‘ఆల్డర్స్‌గేట్’ అనే చిన్న సరుకు ఓడ వచ్చి తాడు కట్టి క్వీన్స్‌టౌన్ దాకా లాక్కొచ్చింది. మళ్ళీ అట్లాంటిక్ మీదికి రావడానికి ఏడాది పైనే పట్టింది.

ఒక గోడ ఓడిపోయింది, మిగతా గోడలు నిలబడ్డాయి. ఈ నమూనాలో నేను చూపించాలనుకున్నది ఇదే. ఆరు రోజుల రికార్డు గురించి అందరూ రాశారు. ఆ రాత్రి చీకట్లో, ఇంజన్ చప్పుడు లేని ఓడలో కూర్చున్నవాళ్ళకు రికార్డుతో పని లేదు. వాళ్ళ ప్రాణాలు గోడల్ని బిగించిన రివెట్ల మీద ఆధారపడ్డాయి.

ఏప్రిల్ 20

పొగగొట్టాల కోసం ఏటికొప్పాక వెళ్ళాను. ఇంట్లో పీవీసీ పైపుతో రెండు సార్లు చేశాను గానీ పైకి పోయేకొద్దీ సన్నబడే ఆకారం రాలేదు. వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఆ ఊళ్ళో తరిణె (లేత్) మీద అంకుడు కర్ర ఎలా తిరుగుతుందో చిన్నప్పుడు స్కూలు టూరులో చూసిందే. అది గుర్తొచ్చింది.

కొలతలు గీసిన కాగితం చూసి అక్కడ బొమ్మలు చేసే పెద్దాయన, “ఇవేటి బాబూ, గిలక్కాయ పిడులా?” అన్నారు. ఓడ ఫోటో చూపించాను. చాలాసేపు చూశారు. “మూడూ ఒక్క లాగ రావాలి కదా, ఒక్క కర్రలోంచే తీద్దాం” అని ఒకే దుంగలోంచి వరసగా మూడూ తిప్పి తీశారు. తిరుగుతున్న కర్రకు లక్క బద్ద ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఇన్‌మన్ లైన్ గుర్తు నల్ల పొగగొట్టం మీద తెల్ల పట్టీ. తెల్ల లక్క పట్టీకి పైనా కిందా నలుపు చెదరకుండా తెచ్చారు. చివర మొగలి ఆకుతో రుద్దితే వచ్చిన ఆ మెరుపు నా స్ప్రే రంగుతో పదేళ్ళకైనా రాదు. నిజం ఓడ పొగగొట్టం అంత మెరవదు, మసి పట్టి ఉంటుంది. అయినా అలాగే ఉంచుతాను. ఆయన చేతి పనిని మసి చెయ్యడానికి మనసొప్పలేదు.

ఇంటికొచ్చాక అడుగు భాగం ఏటవాలుగా కోసి, డెక్కు మీద పెట్టి చూశాం. వాలు సరిపోయింది.

మే 11

ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు మూడు సిలిండర్లు. ఆవిరి మొదట చిన్న సిలిండర్లో పనిచేసి, బలం తగ్గాక మధ్యదాంట్లోకి, అక్కడి నుంచి పెద్దదాంట్లోకి వెళ్తుంది. అవి 45, 71, 113 అంగుళాల వ్యాసం. నా స్కేల్లో 5.7, 9, 14.4 మి.మీ. చిన్నదానికి సరిపడే రీఫిల్ గొట్టం దొరికింది. మధ్యదానికి ఇత్తడి గొట్టం. పెద్దదానికి అల్యూమినియం కడ్డీ సానపట్టాల్సి వచ్చింది.

చేత్తో పట్టుకుంటే వేలి గోరంత ఉన్న ఆ పెద్ద సిలిండరు నిజంగా దాదాపు తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు. మా వంటగది అంత. విరిగి ఎగిరింది అలాంటి ఇంజను ముక్కలు. నిలువు గోడ ఎందుకు ఆగలేదో ఇప్పుడు బాగా అర్థమవుతోంది. అది నీటి ఒత్తిడిని ఆపడానికి కట్టిన గోడ. ఫిరంగి గుండును కాదు.

నిలువు గోడలో ఇవాళ రంధ్రం కోశాను. అంచులు నున్నగా చెయ్యలేదు.

జూన్ 1

నీటి పరీక్ష. డెక్కు అంటించేలోపే చెయ్యాలి, తర్వాత లోపలికి చెయ్యి పోదు. పొట్టంతా లోపలా బయటా ఎపాక్సీ పూశాను. నీటిగీత దాకా దిగడానికి పాత బోల్టులు, బేరింగు గుళ్ళు కలిపి కిలో పైనే పట్టింది. ఇంటి వెనక సిమెంటు తొట్టిలో వదిలాం. నిటారుగా నిలబడింది.

సిరంజితో ఇంజన్ రూముల్లోకి నీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టాను. వెనక వైపు దిగింది. బాగానే ఉంది అనుకునేలోపు ముందు భాగం కూడా దిగడం మొదలైంది. బాయిలర్ గది అడుగున తడి. అడ్డగోడకూ పొట్టకూ అతుకు దగ్గర నీరు ఊరుతోంది. పదిహేను నిమిషాల్లో మూడో గది కూడా నిండింది. గబుక్కున ఎత్తేశాను.

చాలా టెన్షన్ పడ్డాను. నాన్న మాత్రం టార్చి వేసి అతుకులు చూస్తూ, “కాకింగ్ లేదు కదరా” అన్నారు. రివెట్లు కొట్టినంత మాత్రాన ఇనుప రేకు నీటిని ఆపదట. రేకు అంచును ఉలి లాంటి పనిముట్టుతో కొట్టి కొట్టి కింది రేకులోకి నొక్కుతారు. అప్పుడే సందు మూసుకుంటుంది. క్లైడ్‌బ్యాంక్‌లో ఆ గోడల అంచులన్నీ ఎవరో మనుషులు అలా కొట్టినవే. నా అతుకులకు ఎపాక్సీ పైన పూశాను గానీ మూలల్లోకి నొక్కలేదు. పళ్ళపుల్లతో ఒక్కో మూలా మళ్ళీ చెయ్యాలి. 14 గోడలు, రెండు పక్కలు.

జూన్ 15

మూలలు ఆరుతున్నాయి. చేతిలో పని లేదు కాబట్టి ఈ ఓడ మిగతా జీవితం రాసి పెడతాను.

బాగై వచ్చాక ఇంకో పోటీ కంపెనీ వైట్ స్టార్ వారి ‘మెజెస్టిక్’, ‘టుటోనిక్’ ఓడలు తన రికార్డును తీసుకుపోవడం చూసింది. 1892లో వెనక్కి తెచ్చుకుంది. ఆ అక్టోబరులో 5 రోజుల 14 గంటల 24 నిమిషాలు, సగటు 20.70 నాట్లు. నిలువునా పగిలిన ఇంజన్ రూమున్న ఓడే ఇది! మరుసటి ఏడాది క్యూనార్డ్ వారి ‘కంపానియా’ దాన్ని దాటేసింది. ఆ తర్వాత మళ్ళీ రికార్డు రాలేదు.

1893లో అమెరికా జెండా కిందికి వెళ్ళి ఉత్త ‘ప్యారిస్’ అయింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి ‘యేల్’ పేరుతో వెళ్ళి, అమెరికా సైన్యాధిపతి జనరల్ నెల్సన్ మైల్స్‌ను, సైనికులను మోసింది. మళ్ళీ ‘ప్యారిస్’గా తిరిగొచ్చిన కొద్ది నెలలకే, 1899 మే 21న ఇంగ్లండ్ కొసన కార్న్‌వాల్‌లో మానకిల్స్ అనే రాళ్ళ దగ్గర నేలకెక్కింది. అంతకు ఏడు నెలల ముందే ఆ రాళ్ళ మీద ‘మొహేగన్’ మునిగి 106 మంది చనిపోయారు. ఈ ఓడలో అందరూ బతికారు. ఓడను జూలైలో గుంజి తీసి, బెల్‌ఫాస్ట్‌లో హార్లండ్ అండ్ వోల్ఫ్ వారు కొత్త ఇంజన్లతో తిరిగి కట్టారు. ‘ఫిలడెల్ఫియా’ అయ్యింది అప్పుడే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాని తర్వాతి సంగతి. 1902 ఫిబ్రవరిలో మార్కోనీ ఈ ఓడెక్కి న్యూయార్క్ బయల్దేరాడు. కార్న్‌వాల్‌లోని పోల్డూ నుంచి వచ్చే వైర్‌లెస్ సంకేతాలు సముద్రం మీద ఎంత దూరం అందుతాయో చూడటానికి. 1,500 మైళ్ళు దాటినా పూర్తి సందేశాలు కాగితపు పట్టీ మీద పడ్డాయి. ఒక్క అక్షరం సంకేతమైతే దాదాపు 2,100 మైళ్ళ దాకా అందింది. పగలు మాత్రం 700 మైళ్ళకే ఆగిపోయేది. రాత్రికీ పగటికీ ఆ తేడా ఉందని తెలిసింది ఈ ఓడ మీదే. పోల్డూ, మానకిల్స్ రెండూ లిజర్డ్ అనే ఒకే ద్వీపకల్పంలోనివి, ఒకటి పడమటి ఒడ్డున, ఒకటి తూర్పున. మూడేళ్ళ క్రితం ఏ నేల మీద ఇరుక్కుపోయిందో ఆ నేల నుంచే సంకేతాలు దీన్ని వెతుక్కుంటూ సముద్రం మధ్యకు వచ్చాయి. 1890లో ఇంజన్లు ఆగినప్పుడు ఇది ఎవరినీ పిలవలేకపోయింది. దారిన పోయే ఓడ ఎదురుపడాల్సిందే.

1918లో సైనికులను మోస్తూ ‘హారిస్‌బర్గ్’. 1923లో ఇటలీలోని జెనోవాలో విరిచేశారు. ముప్పై అయిదేళ్ళు బతికింది.

జూన్ 29

రెండో పరీక్ష. ఉదయం ఏడింటికే తొట్టి నింపాం. ఈసారి ముందుగా గంటసేపు ఊరికే తేలనిచ్చి ప్రతి గదిలో టిష్యూ పేపర్ పెట్టి చూశాను. ఎక్కడా తడి లేదు.

కుడి ఇంజన్ రూములోకి నీళ్ళు. నిలువు గోడ రంధ్రం దాకా రాగానే పక్క గదిలోకి వాటంతటవే దూకాయి. సిరంజి పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. రెండు గదులూ బయటి నీటి మట్టానికి వచ్చి ఆగాయి. లోపల పట్టిన నీళ్ళు 220 మిల్లీలీటర్లు. వెనక కొస 7 మి.మీ. దిగింది, అంటే నిజం ఓడలో నాలుగున్నర అడుగులు. అసలు ఓడ కూడా ఇంతే దిగిందని నేను చెప్పను, నా పొట్ట ఆకారం అంత కచ్చితం కాదు. కానీ దిగిన చోటే ఆగింది. అరగంట, గంట, రెండు గంటలు. ముందు గదిలో టిష్యూ పొడిగానే ఉంది.

అమ్మ టిఫినుకి మూడుసార్లు పిలిచింది. ఎవరం కదల్లేదు.

డెక్కు వచ్చే వారం అంటిస్తాను. వెనక పేరు పలక మీద ‘సిటీ ఆఫ్ ప్యారిస్, లివర్‌పూల్’ అనే వస్తుంది. పొట్టకు నల్ల రంగు వేద్దామని ఓడను తొట్టిలోంచి తియ్యబోతుంటే నాన్న ఆగమన్నారు. చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు నుంచి తోక దాకా నీరు తగిలిన చోటల్లా చిన్న చిన్న గీతలు పెట్టుకుంటూ పోయారు. చివరి గీత పక్కన 25-3-1890 అని రాశారు.

“దీని మీద రంగు వెయ్యకు” అన్నారు.